కొబ్బరి తోటకు మొదటి బైనాక్యులర్: తక్కువ ఖర్చులో సరైనది ఎంచుకోవడం ఎలా?

రావులపాలెం దాటి కోనసీమ లోపలికి వెళ్తే 50, 60 అడుగుల ఎత్తున్న పాత కొబ్బరి చెట్లు చాలా తోటల్లో కనిపిస్తాయి. కొబ్బరి చెట్టుకు ప్రాణమంతా తలలోనే ఉంటుంది. మొవ్వు, మట్టలు, పూత, పిందె అన్నీ పైనే. రైతు మాత్రం కింద నిలబడి చూడాలి. దింపు కార్మికుడు చెట్టెక్కి చెబితేనే పైన ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఒక దింపుకూ ఇంకో దింపుకూ మధ్య నెలన్నర, రెండు నెలలు గడుస్తుంది. మొవ్వుకుళ్ళు తెగులు గానీ, ఎర్రముక్కు పురుగు గానీ పట్టిన చెట్టు చేయి దాటిపోవడానికి ఆ వ్యవధి చాలు.

ప్రతి పదిహేను రోజులకూ ప్రతి చెట్టూ ఎక్కించి చూపించుకోవడం ఎవరి వల్లా కాదు. దింపు కార్మికులు దొరకడమే కష్టంగా ఉంది. ఎక్కినవారికి ప్రమాదమూ ఉంది. అందుకే నేల మీద నుంచే తోటంతా చూసి, అనుమానం ఉన్న చెట్లు మాత్రమే ఎక్కించుకునేందుకు బైనాక్యులర్, అంటే దుర్భిణి, బాగా పనికొస్తుంది. ఏది కొనాలన్న దగ్గరే చాలామంది మోసపోతున్నారు. ఫోనులో కనిపించే ప్రకటనలు చూసి "60 రెట్లు", "100 రెట్లు" అన్నవి కొని, వారం తిరక్కుండానే అటక మీద పెట్టేస్తున్నారు.

ఇలాంటి ప్రకటనల్లో కొన్ని "వేటకు ఉత్తమం" అని కూడా ఉంటాయి. విదేశాల్లో వేటగాళ్లకు అమ్మే పరికరాల మాటలనే ఇక్కడా వాడుతున్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను, పక్షులను వేటాడటం నేరం. మనం వెతకాల్సింది చెట్టు తలలో దాగిన పురుగునూ తెగులునూ. దానికి ఏ పరికరం సరిపోతుందో చూద్దాం.

ముందు దూరం లెక్క వేసుకోండి

చెట్టు ఎత్తు 50 అడుగులు, అంటే సుమారు 15 మీటర్లు అనుకుందాం. మొదలుకు 12 మీటర్ల దూరంలో నిలబడితే మీ కంటికీ చెట్టు తలకూ మధ్య దూరం దాదాపు 18 మీటర్లు. 8 రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్‌తో చూస్తే, అది రెండుంపావు మీటర్ల దూరం నుంచి చూసినట్టు ఉంటుంది. పక్కనే నిచ్చెన వేసుకుని చూసినంత. ఆకు కోత, ఎండిన మొవ్వు, మట్ట అడుగున తెల్లని మైనం, కాయ మీద గోధుమ రంగు మచ్చ గుర్తించడానికి ఇది చాలు. కొబ్బరి తోటలో కిలోమీటరు దూరం చూడాల్సిన పని లేదు. కాబట్టి ఎక్కువ రెట్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

పెట్టె మీది అంకెల అర్థం

8×42 అని ఉంటే మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే కాంతి కిరణపు వెడల్పు వస్తుంది. ఇది పెద్దదైతే నీడలోనూ బొమ్మ వెలుతురుగా ఉంటుంది.

- 8×42: 5.25 మిల్లీమీటర్లు. మట్టల నీడలోని మొవ్వు, గెలలు స్పష్టంగా కనిపిస్తాయి.
- 10×50: 5 మిల్లీమీటర్లు. వెలుతురు బాగుంటుంది కానీ బరువు ఎక్కువ, చేతి వణుకు ఎక్కువగా తెలుస్తుంది.
- 8×21: 2.6 మిల్లీమీటర్లు. జేబులో పడుతుంది, నీడలో మసకగా ఉంటుంది.
- 20×50: 2.5 మిల్లీమీటర్లు. చీకటిగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే బొమ్మ నిలవదు.

రెట్లు పెరిగిన కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. అంతేకాదు, ఒకేసారి కనిపించే వెడల్పు తగ్గిపోతుంది. మంచి 8 రెట్ల బైనాక్యులర్‌లో 18 మీటర్ల దూరంలో రెండు మీటర్లకు పైగా వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. 20 రెట్ల దానిలో అంతకంటే చాలా తక్కువ కనిపిస్తుంది. ఏ మట్టను చూస్తున్నారో మీకే తెలియకుండా పోతుంది. మొదటిసారి కొనేవారికి 8×40 లేదా 8×42 సరైన ఎంపిక.

స్పాటింగ్ స్కోప్ అవసరమా?

స్పాటింగ్ స్కోప్ అంటే ఒంటి గొట్టం దుర్భిణి. సాధారణంగా 20 నుంచి 60 రెట్ల వరకు పెద్దది చేస్తుంది. దాన్ని మూడు కాళ్ల స్టాండు మీద నిలిపితే తప్ప వాడలేం. ఒకేచోట కూర్చుని గంటల తరబడి దూరాన్ని చూసేవారికి, ఉదాహరణకు కోరింగ అభయారణ్యం దగ్గర పక్షులను పరిశీలించేవారికి, అది మంచిది. చెట్టు చెట్టుకూ తిరిగే రైతుకు స్టాండు ఎత్తుకుని నడవడం, ప్రతిసారీ సర్దుకోవడం కుదరదు. పైగా మధ్యాహ్నపు వేడికి గాలి అలలు అలలుగా కదులుతూ, ఎక్కువ రెట్ల దగ్గర బొమ్మ వణుకుతుంది. అయినా కొనాల్సి వస్తే కంటి గొట్టం వంపుగా ఉన్నది తీసుకోండి. పైకి చూసేటప్పుడు మెడ పట్టెయ్యదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ధరలు మారుతుంటాయి. ప్రస్తుతం ఐదు వేల నుంచి పది వేల రూపాయల మధ్యలో తోట పనికి సరిపోయే 8×42 దొరుకుతుంది. అంతకంటే బాగా తక్కువకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం బొమ్మ సరుకే. ఆ డబ్బుకు ఇవి ఉన్నాయో లేదో చూడండి.

- అద్దాల పూత: అన్ని అద్దాలకూ పలు పొరల పూత ఉన్నది మేలు. ట్యూబులైటు కింద పట్టి చూస్తే ప్రతిబింబం ఆకుపచ్చగానో ఊదాగానో మందంగా కనిపించాలి. తెల్లగా మెరిస్తే పూత లేదన్నమాట. ఎర్ర అద్దంలా తళతళలాడేవి వద్దు. అవి రంగులు మార్చి చూపుతాయి. పసుపు రంగు చూసి తెగులు గుర్తించాల్సిన మనకు అది నష్టం.
- లోపలి పట్టకం: బాక్-4 గాజు అని ఉంటే మంచిది. బీకే-7 అయితే అంచుల్లో కాస్త చీకటి ఉంటుంది.
- నీరు చొరబడని నిర్మాణం: లోపల నైట్రోజన్ నింపినవి మన వానాకాలానికి, గోదావరి గాలి తేమకు తట్టుకుంటాయి.
- కళ్లజోడు వాడేవారు కంటికీ అద్దానికీ దూరం కనీసం 15 మిల్లీమీటర్లు ఉన్నది అడగండి.
- రెట్లు పెంచుకునే జూమ్, రాత్రి చూపు, లోపల కెమెరా అంటూ తక్కువ ధరకు ఇచ్చే హంగులకు డబ్బు పెట్టకండి.

మిగిలిన రెండు మూడు వందలతో 10 రెట్ల చేతి భూతద్దం ఒకటి కొనండి. దాని అవసరం కింద చెబుతాను.

కొనేటప్పుడు చేయాల్సిన పరీక్షలు

1. చెవి దగ్గర మెల్లగా ఊపండి. లోపల చప్పుడు రాకూడదు.
2. దూరంగా ఉన్న కరెంటు తీగను రెండు కళ్లతో చూడండి. రెండు తీగలుగా కనిపించినా, కళ్లు లాగినా ఆ ముక్క వద్దు. రెండు గొట్టాలూ ఒకే వరుసలో లేవని అర్థం.
3. ఆకాశం వెనుకగా ఉన్న కొబ్బరి ఆకు అంచు చూడండి. ఊదా రంగు గీత మందంగా కనిపిస్తే అద్దం నాసిరకం.
4. చేయి చాచి పట్టుకుని కంటి అద్దాల్లోని వెలుతురు చుక్కలు చూడండి. గుండ్రంగా ఉండాలి. పలకలుగా, అంచు కోసినట్టుగా ఉంటే లోపల తక్కువ రకం గాజు.
5. మధ్య చక్రం గట్టిగా పట్టేయకుండా, వదులుగా జారకుండా తిరగాలి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్షలన్నీ మీ తోటలోనే చేయండి.

తోటలో చూసే పద్ధతి

మొదట కళ్లకు సరిచేసుకోవాలి. కుడికన్ను మూసి, ఎడమకంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి కంటి గొట్టం దగ్గరున్న వలయాన్ని తిప్పి సరిచేయండి. ఆ వలయం ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుంటే తర్వాత మధ్య చక్రం ఒక్కటే సరిపోతుంది.

ఉదయం ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు ఒక్క క్షణం కూడా చూడకూడదు, చూపు పోతుంది. పిల్లల చేతికి ఇవ్వవద్దు. గెలల కింద నిలబడవద్దు, కాయ రాలితే ప్రాణాపాయం. పక్క చెట్టు మొదలుకు వీపు ఆనించి, మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుంటే బొమ్మ కదలదు.

ముందు మొవ్వు, తర్వాత నడి మట్టలు, ఆ తర్వాత కింది మట్టల అడుగు భాగం, చివరగా గెలలు. ప్రతిసారీ ఈ వరుసే పాటించండి. చెట్టుకు రెండు వైపుల నుంచీ చూడాలి. చెట్లకు రంగుతో నంబర్లు వేసి, అనుమానం ఉన్నవి పుస్తకంలో రాసుకోండి. పదిహేను రోజులకోసారి, వానాకాలంలో వారానికోసారి చూస్తే మంచిది.

ఏం కనిపిస్తే ఏం అనుమానించాలి?

- మొవ్వు ఆకు పసుపు, గోధుమ రంగుకు మారి వాలిపోతే: మొవ్వుకుళ్ళు తెగులు. ఆలస్యం చేయకుండా చెట్టెక్కించండి. కుళ్ళిన భాగం తొలగించి బోర్డో పేస్టు పూయాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో 1 శాతం బోర్డో మిశ్రమం పోయించాలి.
- విచ్చుకున్న ఆకులు కత్తెరతో కోసినట్టు వి ఆకారంలో ఉంటే: కొమ్ము పురుగు. మొవ్వు దగ్గర రంధ్రాలు వెతికించి పురుగును తీయించాలి. తోటలో పశువుల ఎరువు గుంటలు కూడా చూసుకోండి, దాని పిల్ల పురుగులు పెరిగేది అక్కడే.
- లేత, నడి వయసు చెట్లలో లోపలి మట్టలు పసుపెక్కి వాలితే: ఎర్రముక్కు పురుగు కావచ్చు. కాండం మీద రంధ్రాలు, వాటి నుంచి కారే గోధుమ రంగు ద్రవం, నమిలిన పీచు ఉన్నాయేమో చూడండి. మొవ్వు పడిపోయే వరకు ఆగితే చెట్టు దక్కదు.
- కింది మట్టలు నిప్పు సెగ తగిలినట్టు ఎండితే: నల్లతల గొంగళి పురుగు. ఆకు అడుగున పట్టు దారం, విసర్జనతో కట్టిన గూళ్లు కనిపిస్తాయి.
- కాయ మీద తొడిమ దగ్గర మొదలై కిందికి సాగే గోధుమ మచ్చలు, పగుళ్లు ఉంటే: ఇరియోఫిడ్ నల్లి.
- లేత కాయలకు తొడిమ దగ్గర గుండ్రని రంధ్రం ఉంటే: ఎలుకలు.
- మట్ట అడుగున తెల్లని మైనం చుట్లు, కింది మట్టల పైభాగాన, అంతర పంటల మీద నల్లని మసి ఉంటే: సర్పిలాకార తెల్లదోమ.

తెల్లదోమ విషయంలో చూశాక ఆగండి

ఈ తెల్లదోమను మన దేశంలో 2016లో తమిళనాడులోని పొళ్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకూ వ్యాపించింది. తెల్లగా కనిపించగానే పురుగుమందు కొట్టించాలని రైతుకు అనిపించడం సహజం. కానీ ఎన్కార్సియా అనే చిన్న కందిరీగ జాతి పురుగు ఈ తెల్లదోమ పిల్ల దశల్లో గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. మందు కొడితే ముందు చచ్చేది మన మిత్రపురుగే.

భూతద్దం అవసరం ఇక్కడే. బైనాక్యులర్‌తో తెల్లదోమ ఉన్న చెట్లను గుర్తించి, వాటి నుంచి ఒక్కో ఆకు కోయించి కింద భూతద్దంతో చూడండి. పిల్ల దశలు నల్లగా మారి ఉంటే మిత్రపురుగు పని చేస్తోందని అర్థం. పురుగుమందు మానేయండి. అందుబాటులో ఉన్న చెట్లకు నీటిని వేగంగా చిమ్మడం, పసుపు జిగురు అట్టలు కట్టడం, మసి రాలడానికి 1 శాతం గంజి పిచికారీ చేయడం సరిపోతాయి. తీవ్రంగా ఉంటే ఐసేరియా శిలీంధ్రం పిచికారీ గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తల సలహా తీసుకోండి. ఒక్క అనవసరపు పిచికారీ తప్పినా కూలీ, మందు ఖర్చు మిగిలినట్టే.

బైనాక్యులర్ జాగ్రత్తలు

మన ప్రాంతపు తేమకు అద్దాల లోపల బూజు పడుతుంది. ఒకసారి పడితే బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. తుండుగుడ్డతో, లుంగీ అంచుతో అద్దం తుడవకండి. ముందు దుమ్ము ఊదేసి, మెత్తని పొడి గుడ్డతో తుడవాలి. తెల్లదోమ ఉన్న చెట్ల నుంచి తేనెలాంటి జిగురు రాలుతుంది కాబట్టి, చూడనప్పుడు అద్దాలకు మూతలు పెట్టండి. పిచికారీ జరిగే చోటకు తీసుకెళ్లవద్దు.

ఒక్కరే కొనలేకపోతే

పక్కపక్క తోటల రైతులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు. రెండు మూడు ఎకరాల తోటను ఒక పూటలో చూసేయవచ్చు. అనుమానం ఉన్న భాగాన్ని బైనాక్యులర్ కంటి అద్దానికి ఫోను కెమెరా ఆనించి ఫొటో తీసి, మీ రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులకు పంపండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేసేటప్పుడు చెట్టు వయసు, ఏ మట్టలో మార్పు మొదలైంది, ఎన్ని చెట్లలో కనిపించింది అనే మూడు వివరాలు చెబితే సరైన సలహా త్వరగా అందుతుంది.