క్యాలిక్యులేటర్‌లో సీ ప్రోగ్రామింగ్: లెక్కల మిషనే చిన్న కంప్యూటర్

అమెరికాలో హైస్కూల్ పిల్లల బ్యాగుల్లో పుస్తకాలతో పాటు చేతికి నిండుగా ఉండే ఒక క్యాలిక్యులేటర్ కనిపిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన వస్తువే. ధర వంద డాలర్లు దాటుతుంది కాబట్టి కొనేటప్పుడు తల్లిదండ్రులు ఒకసారి ఆలోచిస్తారు కూడా. ఇది కూడికలు, తీసివేతలతో ఆగదు. సమీకరణం ఇస్తే స్క్రీన్ మీద గ్రాఫ్ గీసి చూపిస్తుంది. అందుకే దీన్ని గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ అంటారు.

మన దగ్గర ఇది పెద్దగా కనిపించదు. జేఈఈ, ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో క్యాలిక్యులేటర్ తీసుకెళ్లడానికే వీల్లేదు. గేట్‌లో కంప్యూటర్ స్క్రీన్ మీదే ఒక క్యాలిక్యులేటర్ ఇస్తారు. ఇంజినీరింగ్ విద్యార్థులు మామూలు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌తోనే నెట్టుకొస్తారు. అమెరికాలో మాత్రం ఎస్ఏటీ, ఏపీ కాలిక్యులస్ లాంటి పరీక్షల్లో గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌ను అనుమతిస్తారు. అందుకే అది అక్కడ స్కూలు సామానులో భాగమైపోయింది.

అయితే కొందరు పిల్లలు, కొందరు పెద్దలు దీన్ని లెక్కలకే పరిమితం చేయలేదు. దాని లోపల ఉన్నది కంప్యూటరేనని గుర్తించి, సీ భాషలో ప్రోగ్రాములు రాసి అందులో నడిపిస్తున్నారు. గేములు, బొమ్మలు గీసే ప్రోగ్రాములు, ఫిజిక్స్ నమూనాలు ఇలా ఎన్నో తయారయ్యాయి. డబ్బు కోసం కాదు, సరదా కోసం. ఈ సరదా వెనుక పెద్ద చరిత్ర ఉంది, ఒక పెద్ద గొడవ కూడా ఉంది.

మొదలైంది ఇలా

ప్రపంచంలో మొదటి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌ను జపాన్ కంపెనీ క్యాసియో 1985లో తెచ్చింది. పేరు ఎఫ్ఎక్స్-7000జీ. ప్రోగ్రాములు దాచుకోవడానికి అందులో ఉన్న చోటు 422 బైట్లు మాత్రమే. అంటే ఈ వ్యాసంలోని చాలా పేరాలు అందులో పట్టవు. తర్వాత 1990లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-81తో ఈ రంగంలోకి దిగింది. అక్కడి స్కూళ్లలో క్రమంగా ఆ కంపెనీదే పైచేయి అయింది.

ఈ మిషన్లలో కంపెనీయే ఇచ్చిన బేసిక్ తరహా భాష ఒకటి ఉండేది. నేర్చుకోవడం తేలికే, కానీ అది చాలా నెమ్మది. గేములో బొమ్మ కదలాలంటే ఆ వేగం చాలదు. 1990ల మధ్యలో టీఐ-85 వాడే కొందరు ఒక దారి కనిపెట్టారు. మెమరీ బ్యాకప్ ఫైలును కొద్దిగా మార్చి మళ్లీ ఎక్కిస్తే, ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే అసెంబ్లీ ప్రోగ్రాములు అందులో నడిచాయి. అక్కడి నుంచి ఈ హాబీ ఊపందుకుంది. 1998లో వచ్చిన టీఐ-89లో మోటరోలా 68000 ప్రాసెసర్ ఉండటంతో, దాని కోసం హాబీయిస్టులే సీ కంపైలర్ కూడా తయారు చేసుకున్నారు.

సీ భాషే ఎందుకు?

ఇప్పుడు ఈ హాబీలో ఎక్కువగా వినిపించే పేరు 2015లో వచ్చిన టీఐ-84 ప్లస్ సీఈ. అందులో ఈజెడ్80 అనే ప్రాసెసర్ ఉంది, వేగం 48 మెగాహెర్ట్జ్. వాడేవారికి దొరికే ర్యామ్ 154 కేబీ, ఫైళ్లు దాచుకునే ఫ్లాష్ మెమరీ 3 ఎంబీ. నేటి ఫోన్ తీసే ఒక్క ఫోటో కూడా ఈ ర్యామ్‌లో పట్టకపోవచ్చు.

ఇంత తక్కువ చోటులో బేసిక్ నెమ్మది, అసెంబ్లీ కష్టం. సీ మధ్యస్థంగా ఉంటుంది. రాయడం అసెంబ్లీ కన్నా సులువు, వేగం బేసిక్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రోగ్రామును క్యాలిక్యులేటర్‌లో రాయరు. ల్యాప్‌టాప్‌లో రాసి, హాబీయిస్టులు ఉచితంగా అందిస్తున్న కంపైలర్‌తో ఈజెడ్80 భాషలోకి మారుస్తారు. తయారైన ఫైలును యూఎస్‌బీ కేబుల్‌తో క్యాలిక్యులేటర్‌లోకి పంపుతారు.

మన బీటెక్ మొదటి ఏడాదిలో సీ పాఠం ఉంటుంది. పాయింటర్లు, బైట్లు, మెమరీ అడ్రస్ అంటూ చెబుతారు. కానీ 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వాటి అవసరం అంతగా అనుభవంలోకి రాదు. క్యాలిక్యులేటర్‌లో మొదటి రోజే అనుభవంలోకి వస్తుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది, స్క్రీన్. అడ్డంగా 320, నిలువుగా 240 చుక్కలు. మొత్తం 76,800 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు రెండు బైట్లు వాడితే 1,53,600 బైట్లు కావాలి. స్క్రీన్ కోసం కేటాయించిన మెమరీ కూడా అంతే. గేములో బొమ్మను కళ్ల ముందే చెరిపి మళ్లీ గీస్తుంటే స్క్రీన్ మిణుకుమిణుకుమంటుంది. దీనికి హాబీయిస్టులు వాడే ఉపాయం ఏమిటంటే, 256 రంగుల పట్టిక ఒకటి పెట్టుకుని ఒక్కో చుక్కకు ఒక్క బైటే వాడటం. అప్పుడు ఒక బొమ్మకు 76,800 బైట్లే సరిపోతాయి, అదే మెమరీలో రెండు బొమ్మలు పడతాయి. ఒకటి స్క్రీన్ మీద కనిపిస్తుండగా రెండోది చాటుగా గీస్తారు. పూర్తయ్యాక రెండింటినీ మారుస్తారు. చూసేవారికి కదలిక సాఫీగా కనిపిస్తుంది.

రెండోది, అంకెలు. మామూలు కంప్యూటర్లలో పూర్ణాంకానికి వాడే ఇంట్ సాధారణంగా 32 బిట్లు. ఇక్కడ 24 బిట్లే. అంటే 83,88,607 దాటితే లెక్క తిరగబడి మైనస్‌లోకి పోవచ్చు. ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడిచిన ప్రోగ్రాము ఇక్కడ తప్పు జవాబు ఇస్తే కారణం తరచూ ఇదే.

మూడోది, దశాంశాలు. దశాంశ లెక్కల కోసం ఈ ప్రాసెసర్‌లో ప్రత్యేక ఏర్పాటు లేదు. భాగహారానికి కూడా నేరుగా ఆదేశం లేదు. సాఫ్ట్‌వేర్‌తో చేయించాలి, అది నెమ్మది. అందుకే అంకెను 256తో గుణించి పూర్ణాంకంగా దాచుకుంటారు. 1.5ని 384గా దాచుతారు. చివర్లో మళ్లీ 256తో భాగించాలంటే బిట్లను ఎనిమిది స్థానాలు కుడికి జరిపితే చాలు. పైసల్లో లెక్క చేసి చివర్లో రూపాయలుగా చెప్పినట్టే ఇది.

తప్పు చేస్తే? హద్దు దాటి మెమరీలో రాస్తే ఆపేవారు ఎవరూ ఉండరు. మిషన్ ఆగిపోతుంది, లేదా ర్యామ్ మొత్తం ఖాళీ అయిపోతుంది. వెనుక ఉన్న రీసెట్ బటన్ నొక్కితే మళ్లీ మొదలవుతుంది. ముఖ్యమైన ఫైళ్లను ముందే ఆర్కైవ్‌లో పెట్టుకోవాలన్నది ఈ హాబీలో అందరూ నేర్చుకునే మొదటి పాఠం.

గొడవ ఎక్కడ వచ్చింది?

కొన్న వస్తువు ఎవరిది? కొన్నవారిదా, తయారు చేసిన కంపెనీదా? ఈ ప్రశ్న 2009లో ముందుకు వచ్చింది. కంపెనీ ముద్ర లేని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించనివ్వకుండా టీఐ-83 ప్లస్‌కు 512 బిట్ల డిజిటల్ తాళం వేశారు. ఒక హాబీయిస్టు తన కంప్యూటర్‌ను రెండు నెలలకు పైగా నడిపి ఆ తాళం చెవిని లెక్కగట్టాడు. మిగతా మోడళ్ల తాళాలను చాలామంది తమ కంప్యూటర్లను కలిపి ఛేదించారు. కంపెనీ కాపీరైట్ చట్టం కింద నోటీసులు పంపింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హాబీయిస్టుల తరఫున నిలబడింది. సొంత మిషన్‌లో సొంత ప్రోగ్రాము నడుపుకోవడం చట్ట ఉల్లంఘన కాదని వాదించింది.

రెండో గొడవ 2020లో వచ్చింది. పరీక్షల్లో దాచిన ఫైళ్లు కనిపించకుండా చేసే ఎగ్జామ్ మోడ్ ఈ క్యాలిక్యులేటర్లలో ఉంటుంది. దాన్ని తప్పించుకోవచ్చని చూపించే వీడియో ఒకటి బయటికొచ్చింది. ఆ తర్వాత కంపెనీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసెంబ్లీ, సీ ప్రోగ్రాములను నేరుగా నడిపే వీలునే తీసేసింది. పరీక్షల భద్రత కోసమేనని చెప్పింది. కొన్నాళ్లకే హాబీయిస్టులు మరో దారి కనిపెట్టారు. కంపెనీ మాత్రం కొత్త మోడళ్లలో పైథాన్‌ను ప్రోత్సహిస్తోంది. పిల్లలకు పైథాన్ తేలికే, కానీ వేగంలో అది సీకి సాటిరాదు.

ఇందులో రెండు వైపులా న్యాయం ఉంది. పరీక్షలో ఒకరు కాపీ కొడితే నష్టపోయేది నిజాయితీగా చదివిన పిల్లలే. మరోవైపు, ఏ కొద్దిమందో చేసిన తప్పుకు, ఆ మిషన్ మీదే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న వారందరికీ తలుపు మూసుకుపోయింది. ఇంట్లో మంచి కంప్యూటర్ లేని పిల్లవాడికి ఆ క్యాలిక్యులేటరే సొంత కంప్యూటర్ కావచ్చు.

మరో పద్ధతి కూడా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన నమ్‌వర్క్స్ 2017లో తెచ్చిన క్యాలిక్యులేటర్ సోర్స్ కోడ్‌ను అందరూ చూసేలా పెట్టింది. పరీక్షల నిబంధనల వల్ల తర్వాత ఆ కంపెనీ కూడా కొన్ని తాళాలు వేసింది. అయినా సీ, సీ ప్లస్ ప్లస్‌లలో రాసిన యాప్‌లను ఎక్కించుకునే వీలు ఉంచింది.

మొదలుపెట్టాలంటే

క్యాలిక్యులేటర్ లేనివారు కొనాల్సిన పనిలేదు. నమ్‌వర్క్స్ సిమ్యులేటర్ బ్రౌజర్‌లోనే ఉచితంగా తెరుచుకుంటుంది. ఆ మిషన్ ఎలా ఉంటుందో, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము ఎలా నడుస్తుందో అందులో చూడొచ్చు. టీఐ-84 ప్లస్ సీఈ ఉన్నవారు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ చేసే ముందు ఒకసారి ఆగి ఆలోచించాలి. అప్‌డేట్ తర్వాత పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం చాలాసార్లు కుదరదు. అమెరికాలోని బంధువుల పిల్లలు వాడి పక్కన పెట్టిన పాత మోడల్ దొరికితే నేర్చుకోవడానికి అది చాలు.

మొదటి ప్రోగ్రాముగా పేరు చూపించడం, రెండోదిగా పారాబోలా గీయడం మంచిది. స్క్రీన్‌లో వరుసల లెక్క పై నుంచి కిందికి సాగుతుంది, గ్రాఫ్‌లో వై విలువ కింది నుంచి పైకి పెరుగుతుంది. ఈ తేడా మరచిపోతే పారాబోలా తలకిందులుగా వస్తుంది. దాన్ని సొంతంగా సరిచేసుకున్న విద్యార్థికి అక్షాల పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

పరీక్షకు వెళ్లే రోజు మాత్రం ఆ ప్రోగ్రాములన్నీ తీసేసి, అక్కడి నిబంధనల ప్రకారమే క్యాలిక్యులేటర్ పట్టుకెళ్లాలి.