పెరటి మడికి పలచని దుప్పటి

మీ పెరట్లో టమాటా మొక్కలు ఉన్నాయా? ఉంటే సంక్రాంతి దాటిన తర్వాత వాటిని ఒకసారి పరీక్షగా చూడండి. పగలు ఎండ బాగానే కాస్తుంది. మొక్కలు ఏపుగా ఉంటాయి. కొమ్మ కొమ్మకూ పసుపుపచ్చని పూలు పూస్తాయి. కాని నాలుగు రోజులు గడిచేసరికి చాలా పూలు కాడతో సహా రాలి మడిలో పడి ఉంటాయి. పురుగూ కనిపించదు, తెగులూ కనిపించదు. నీళ్లు చాలలేదేమోనని అమ్మ మరో బిందెడు పోస్తుంది. అయినా పూలు రాలడం ఆగదు.

కారణం పగటిపూట వెతికితే దొరకదు. అది రాత్రి చలిలో ఉంది. పువ్వు కాయ కావాలంటే పుప్పొడి కీలాగ్రాన్ని చేరాలి, ఫలదీకరణ జరగాలి. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే టమాటా పుప్పొడి సరిగా తయారు కాదు. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క వదిలివేస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఈ బెడద తక్కువ. ఆదిలాబాద్ ప్రాంతంలోను, లంబసింగి, అరకు కొండల్లోను జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. అక్కడి పెరళ్లలో ఒక్క నెల పూలు రాలిపోతే, ఆ ఇంటికి ఒక నెల కాయలు పోయినట్లే.

వేడి ఎటు పోతుంది?

"మంచు కురుస్తోంది" అని మనం అంటాం. నిజానికి చలి పైనుంచి కురవదు. కింద ఉన్న వేడే పైకి పోతుంది. నేల, గోడ, ఆకు, మన శరీరం - ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. దీనినే ఉష్ణ వికిరణం అంటారు. పగలు సూర్యుని నుంచి వచ్చే రాబడి ఎక్కువ కాబట్టి ఈ ఖర్చు మనకు తెలియదు. రాత్రి రాబడి ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు.

మబ్బు పట్టిన రాత్రి మేఘాలు ఆ కిరణాలను పీల్చుకొని కొంత వేడిని తిరిగి కిందికి పంపుతాయి. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే తిరిగి వచ్చేది తగ్గిపోతుంది. అందుకే చుక్కలు బాగా మెరిసే రాత్రి చలి ఎక్కువ. గాలి కూడా కదలకపోతే పైనున్న వెచ్చని గాలి కిందికి వచ్చి కలవదు. అప్పుడు ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. దాని మీద నీటి ఆవిరి బొట్లుగా మారుతుంది. తెల్లవారి మీరు చూసే మంచు బిందువులు అవే.

నవ్వుకున్న వైద్యుడు

లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు ఉండేవాడు. తోటమాలులు లేత మొక్కల మీద పలచని చాపలు కప్పడం చూసి ఆయన నవ్వుకునేవాడు. అంత పలచని చాప చుట్టూ ఉన్న గాలి చల్లదనాన్ని ఎలా ఆపుతుందని ఆయన అనుమానం. తర్వాత ఆయనే ఒక ప్రయోగం చేశాడు. పచ్చికలో నాలుగు పుల్లలు పాతి, 6 అంగుళాల ఎత్తున వాటికి ఒక సన్నని చేతిరుమాలు బిగించి కట్టాడు. పక్కలన్నీ తెరిచే ఉన్నాయి. గాలికి అడ్డు లేదు. అయినా రుమాలు కింది పచ్చిక, ఆరుబయటి పచ్చిక కంటే వెచ్చగా ఉన్నట్లు ఉష్ణమాపకం చూపింది!

రుమాలు వేడిని పుట్టించలేదు. పచ్చికకూ ఆకాశానికీ మధ్య అడ్డు నిలిచింది, అంతే. తోటమాలులు చేస్తున్న పనిలో ఎంత విజ్ఞానం ఉందో వెల్స్‌కు అప్పుడు బోధపడింది. మంచును గురించి ఆయన రాసిన గ్రంథం 1814లో వెలువడింది. రాయల్ సొసైటీ ఆయనకు రంఫర్డ్ పతకం ఇచ్చి గౌరవించింది.

జానెడు ఎత్తున చలి

ఈ కథలో మన దేశం పాత్ర కూడా ఉంది. రాత్రివేళ నేలను అంటుకొని ఉన్న గాలే అన్నిటికంటే చల్లగా ఉంటుందని శాస్త్రజ్ఞులు భావించేవారు. సి.వి. రామన్ శిష్యుడైన ఎల్.ఎ. రామదాస్, ఎస్. ఆత్మనాథన్‌తో కలిసి 1932లో ఒక వింత ఫలితాన్ని ప్రకటించారు. గాలి కదలని, మబ్బు లేని రాత్రి, మొక్కలు లేని వట్టి నేల మీద కొలిస్తే, అన్నిటికంటే చల్లని గాలి నేలను అంటి లేదు. ఇంచుమించు జానెడు నుంచి మూరెడు ఎత్తున ఉంది! కొలతలో ఏదో పొరపాటు ఉందని చాలామంది అనుమానించారు. తర్వాత ఇతర దేశాల్లో కొలిచినవారికీ అదే కనిపించింది. నేడు దానిని "రామదాస్ పొర" అంటారు. అప్పుడే నాటిన నారు కొసలు ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే.

మనం చేయవలసినవి

కప్పు: పొద్దు గుంకగానే మడి చుట్టూ నాలుగు కర్రలు పాతి పాత చీర గాని, గోనెపట్టా గాని, తాటాకులు గాని పైన పరచండి. కప్పు ఆకులకు తగలకూడదు. తగిలితే ఆకులోని వేడి ఉష్ణవహనం ద్వారా చల్లని కప్పులోకి పోతుంది. పలచని పాలిథిన్ కాగితం అంతగా పనికిరాదు. పరారుణ కిరణాలు చాలావరకు దాని గుండా దూసుకుపోతాయి. ఎండ రాగానే కప్పు తీసివేయడం మరచిపోకండి. నేల మళ్లీ వేడిని కూడబెట్టుకోవాలి కదా!

నీరు: ఉదయంపూట మొదళ్లలో పోయండి. నీటి విశిష్టోష్ణం ఎండు మట్టి కంటే సుమారు 5 రెట్లు ఎక్కువ. అందుకే తడి నేల పగలు ఎక్కువ వేడిని దాచుకొని రాత్రి మెల్లగా విడుస్తుంది. సాయంత్రం ఆకుల మీద చల్లితే అవి తెల్లవార్లూ తడిగా ఉండి, శిలీంధ్రాల సిద్ధబీజాలు మొలకెత్తడానికి వీలవుతుంది.

గడ్డి: మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి ఇప్పుడే మందంగా పరవకండి. అది నేలలోని వేడిని మొక్క దాకా రానివ్వదు. మార్చి ఎండలు ముదిరినప్పుడు పరిస్తే తేమ నిలుస్తుంది.

విత్తనం: బెండ గింజకు తొందరపడకండి. నేల 20 డిగ్రీలకు తక్కువగా ఉంటే అది సరిగా మొలవదు. శివరాత్రితో చలి "శివశివా" అంటూ పోతుందని పెద్దలు అంటారు. మైదాన ప్రాంతాల్లో వేసవి బెండకు అప్పటి నేల అనుకూలం. క్యాబేజీ, ముల్లంగి, కొత్తిమీరలకు ఈ చలి హితమే. వాటికి కప్పు అక్కరలేదు.

మీరే చేసి చూడండి

వెల్స్ ప్రయోగం మీ పెరట్లోనూ చేయవచ్చు. ఒకేలా ఉన్న రెండు స్టీలు పళ్లాలు తీసుకోండి. ఒకటి ఆరుబయట, మరొకటి నాలుగు పుల్లలకు కట్టిన గుడ్డ కింద రాత్రంతా ఉంచండి. తెల్లవారుజామున దేని మీద మంచు ఎక్కువ పట్టిందో వేలితో రాసి చూడండి. మీ సైన్సు మాస్టారిని అడిగి ప్రయోగశాల నుంచి రెండు ఉష్ణమాపకాలు తెచ్చుకుంటే మరీ మంచిది. జ్వరం చూసేది పనికిరాదు. అది 35 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతను చూపదు. పది రాత్రులు ఇలా చూసి, మబ్బు ఉందా, గాలి వీచిందా అన్నది కూడా పుస్తకంలో రాసుకోండి. కప్పిన మడిలో ఎన్ని పూలు నిలిచాయో, కప్పని మడిలో ఎన్ని రాలాయో ఆ పక్కనే లెక్కపెట్టి వేయండి. ఏ రాత్రి దుప్పటి కప్పాలో, ఏ రాత్రి అక్కరలేదో ఇక ఆకాశాన్ని చూసి మీరే ఇంట్లోవాళ్లకు చెప్పగలుగుతారు.