బూచోడి పేరు చెప్పకుండా

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాచారం వైపు ఏ కాలనీలోకి తిరిగినా సందుకో ప్లేస్కూలు బోర్డు కనిపిస్తుంది. మూడేళ్లకే అక్షరాలు, నాలుగేళ్లకు వంద దాకా అంకెలు వచ్చేయాలన్న ఆరాటం తల్లిదండ్రులది. నడత సంగతికొచ్చేసరికి నాలుగు నీతికథలు చెప్పించి, పెద్దలకు దండం పెట్టడం నేర్పిస్తే అదే వస్తుందన్న ధీమా. తెలివిని ఒక చోట, మంచితనాన్ని మరో చోట నేర్పించుకోవచ్చన్న ఈ ఆలోచన పొరపాటని నా అభిప్రాయం. పసితనంలో రెండూ కలిసే పెరుగుతాయి. రెండింటికీ ముందుగా కావలసింది మాట మీద నిలబడే పెద్దవాళ్లు. 'ఏడిస్తే బూచోడు పట్టుకెళ్తాడు', 'అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా', 'ఇప్పుడే వస్తా, ఆడుకో నాన్నా' అని చెప్పి వెనక గుమ్మంలోంచి జారుకోవడం... వీటిని మనం అబద్ధాలుగా లెక్కవేయం. పిల్లలు లెక్కవేస్తారు.

ఎలా లెక్కవేస్తారో తేల్చిన ప్రయోగం ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ 1960లలో మొదలుపెట్టిన మిఠాయి పరీక్ష చాలామంది వినే ఉంటారు. పిల్లవాడి ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామంటారు. ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో రాణించారని చెప్పడంతో, ఓర్పు పుట్టుకతో వచ్చే గుణమన్న అభిప్రాయం పాతుకుపోయింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం దీన్నే కొంచెం మార్చి చేసి, 2013లో ఫలితాలు ప్రచురించింది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 28 మందికి ముందుగా అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, కాసేపాగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి తెచ్చిచ్చారు. మిగతా సగానికి 'అయ్యో, లేవమ్మా, వీటితోనే వేసుకో' అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ అంతే. ఆ తర్వాతే మిఠాయి పెట్టారు. మాట దక్కిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట దక్కని పిల్లలు 3 నిమిషాలే. పదిహేను నిమిషాలూ పూర్తిగా ఆగినవాళ్లు మొదటి గుంపులో 14 మందికి 9 మంది, రెండో గుంపులో ఒక్కరే. ఆ ఒక్కరు తప్ప మిగతా పిల్లలంతా బుద్ధి లేక తినేశారా? వాళ్లు చేసింది సరైన ఆలోచనే. రాదని తెలిసిన రెండో మిఠాయి కోసం చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం ఏం తెలివి? ఓర్చుకోవడం, ముందుచూపు, ఎదుటివాళ్లను నమ్మడం అన్నీ అక్కడ ఒకే ముడిలో ఉన్నాయి.

భయం సంగతి ఇంకా సూటిగా తెలుస్తుంది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనం పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లల మీద జరిగింది. ఒక బడిలో బెత్తం దెబ్బలు, చెంపదెబ్బలు మామూలు. మరోదానిలో మందలింపుతో సరి. వెనక్కి తిరిగి బొమ్మను చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్తే, రెండు బడుల్లోనూ ఎక్కువమంది తిరిగి చూశారు. పసివాళ్లు కదా! తేడా ఆ తర్వాత వచ్చింది. దెబ్బల బడి పిల్లలు అబద్ధం ఎక్కువగా ఆడారు, తిప్పి తిప్పి అడిగినా దొరక్కుండా నిలబెట్టుకున్నారు. వాళ్ల తెలివి పెరగలేదని అనలేం. పెరిగింది, తప్పించుకునే వైపు పెరిగింది. చలం 'బిడ్డల శిక్షణ'లో పిల్లల్ని కొట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించి ఎన్నో దశాబ్దాలయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బల్నీ, మానసిక వేధింపునూ నిషేధించింది. ఇంట్లో మాత్రం 'దెబ్బకు దెయ్యం వదులుతుంది' అన్న నమ్మకం వదల్లేదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, హద్దుల్లేకుండా పెంచమని ఎవరూ అనడం లేదు. కానీ హద్దు వేరు, బెదిరింపు వేరు. రోడ్డు మీద చేయి వదలకూడదన్నది హద్దు. కారణం చెప్పాలి, ఈరోజూ రేపూ ఒకేలా ఉండాలి. లంచం కూడా పని చేయదు. ఇరవై నెలల పిల్లలు అడక్కుండానే పడిపోయిన వస్తువు అందిస్తారని, అందించినందుకు బొమ్మ బహుమతిగా ఇస్తూపోతే తర్వాత సాయపడటం తగ్గిస్తారని మనస్తత్వ పరిశోధకులు వార్నెకన్, టొమసెల్లో 2008లో చూపించారు. మంచి చేయాలన్న కోరిక వాళ్లలో ముందే ఉంది, మనం దాన్ని పాడుచేయకుండా ఉండాలి. ప్రశ్నల విషయమూ అంతే. హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధన సంస్థ ప్రహరీ పక్కగా బస్సులో వెళ్తూ 'లోపల ఏం చేస్తారు?' అని నాలుగేళ్ల పాప అడిగితే 'నీకెందుకు, కూర్చో' అనడం తేలిక. 'సరిగ్గా తెలీదమ్మా, కనుక్కుని చెప్తా' అని, మర్నాడు గుర్తుంచుకుని చెబితే ఆ పాపకు రెండు విషయాలు అందుతాయి: తెలియనిది తెలుసుకోవచ్చని, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని.

ఇక అసలైన అభ్యంతరం: నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లకు, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీ దాకా పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లకు ఇంత ఓపిక ఎక్కడిది? దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే మిఠాయి పరీక్షకూ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం చాలా తగ్గిపోతుందని 2018లో వచ్చిన ఇంకో అధ్యయనం తేల్చింది. పేదరికాన్ని వదిలేసి తల్లినే తప్పుపట్టడం అన్యాయం. అయినా కుటుంబానికి ఖర్చుతో పని లేని దారి ఉందని జమైకా అనుభవం చెబుతోంది. ఎదుగుదల తగ్గిన పిల్లల ఇళ్లకు 1980ల చివర్లో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఏం మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందని పిల్లలకంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

ఆ పని చేయగల మనిషి మన బస్తీల్లో ఉంది, అంగన్‌వాడీ టీచరు. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం ఆమెకు తిండి, టీకాలతోపాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువునూ అప్పగించింది. రిజిస్టర్లు రాసే భారం తగ్గించి ఆ సమయం తల్లులతో కూర్చోవడానికి ఇస్తే ఆమె జమైకా పని ఇక్కడ చేయగలదు. ఫ్యాక్టరీల బాధ్యతా ఉంది. 30 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తర్వాతి సవరణతో ఎప్పుడో చెప్పింది. 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రతి సంస్థలో శిశుగృహం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ వచ్చింది. పారిశ్రామికవాడలో ఆ గదులు ఎన్ని తెరిచి ఉన్నాయో, వాటిలో పిల్లలతో మాట్లాడే మనిషి ఉందో లేదో యాజమాన్యాల్ని అడగాల్సింది కార్మిక శాఖ.