వెబ్‌సైట్లలో తెలుగు పేర్లు ఎందుకు తెగిపోతున్నాయి? డెవలపర్లకు కొన్ని మెలకువలు, సాధనాలు

2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం పలు దేశాల్లో ఐఫోన్లను స్తంభింపజేసింది. 'జ', పొల్లు, 'ఞ', ఆ పక్కన కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, చివర దీర్ఘం... ఈ 5 సంకేతాలు ఇదే వరుసలో సందేశంగా వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5తో నడిచే ఫోన్లలో ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్ రూపంలో వస్తే ఫోన్ ముఖ తెరే కుప్పకూలేది. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరుసలకూ ఇదే చిక్కు ఉన్నట్లు అప్పుడే బయటపడింది.

అది ప్రపంచం దృష్టిలో పడింది కాబట్టి కొద్ది రోజుల్లోనే పరిష్కారమైంది. ఎవరి దృష్టికీ రాని లోపాలు మాత్రం దరఖాస్తు ఫారాల్లో, టికెట్లలో, ధ్రువపత్రాల్లో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. వాటి మూలం చాలావరకు ఒక్కటే. 'అక్షరం' అంటే ఏమిటన్న విషయంలో మనిషికీ, ప్రోగ్రాముకూ అవగాహన వేరు.

స్వర్ణలక్ష్మి అనే పేరునే తీసుకుందాం. చదివేవారికి ఇందులో ఉన్నవి 4 అక్షరాలు: స్వ, ర్ణ, ల, క్ష్మి. యూనికోడ్ లెక్క వేరు. హల్లులు, పొల్లులు, గుడి అన్నీ విడివిడి సంకేతాలే కాబట్టి అక్కడ మొత్తం 13. జావాస్క్రిప్ట్‌లోని 'లెంగ్త్' ఇచ్చే సంఖ్యా ఇదే. ఫారంలో పేరుకు 10 అక్షరాల పరిమితి పెట్టి మిగిలినదాన్ని కత్తిరిస్తే తెర మీద మిగిలేది 'స్వర్ణలక్ష'. లక్ష్మి కాస్తా లక్షగా మారిపోయింది. ఇక్కడ అసలు ప్రమాదం పేరు తెగిపోవడం కాదు, తెగినట్లు కనిపించకపోవడం. చతురస్రాలో ప్రశ్నార్థకాలో కనిపిస్తే ఎవరైనా ఫిర్యాదు చేస్తారు. సలక్షణంగా కనిపించే తప్పు పేరు మాత్రం అలాగే ముద్రణకు వెళ్లిపోతుంది.

మూడు రకాల లెక్కలు

ఒకే పదాన్ని మూడు రకాలుగా కొలవవచ్చు. 'స్త్రీ' అన్న మాట చూపుకు ఒక అక్షరం, యూనికోడ్‌లో 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో నిల్వ చేస్తే 18 బైట్లు. తెలుగు సంకేతాలన్నీ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. పీహెచ్‌పీలో 'ఎస్‌టీఆర్‌లెన్' బైట్లను లెక్కిస్తుంది, 'ఎంబీ ఎస్‌టీఆర్‌లెన్' సంకేతాలను లెక్కిస్తుంది, 'గ్రాఫీమ్ ఎస్‌టీఆర్‌లెన్' కంటికి కనిపించే అక్షరాలను లెక్కించే ప్రయత్నం చేస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లోని 'మ్యాక్స్‌లెంగ్త్' పరిమితి సంకేతాల లెక్కనే అనుసరిస్తుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో 'వార్‌క్యార్2' పరిమితి ప్రత్యేకంగా మార్చకపోతే బైట్లలో ఉంటుంది. అక్కడ 30 అని రాస్తే ఇంగ్లీషు పేరుకు 30 అక్షరాలు దక్కుతాయి, తెలుగు పేరుకు 10 సంకేతాలే. ఒకే ఫారంలో తెర ఒక లెక్కను, సర్వర్ మరో లెక్కను, డేటాబేస్ ఇంకో లెక్కను పాటించడం అరుదేమీ కాదు.

కంటికి కనిపించే అక్షరాలను లెక్కించడానికి నేటి బ్రౌజర్లలో 'ఇంట్ల్ సెగ్మెంటర్' అనే సదుపాయం ఉంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 125తో అది ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ అందుబాటులోకి వచ్చినట్లయింది. అయితే ఒక మెలిక ఉంది. యూనికోడ్ పాత నియమాల ప్రకారం 'స్త్రీ'ని విడదీస్తే స్, త్, రీ అని 3 ముక్కలు వస్తాయి. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగు సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే ముక్కగా పరిగణించే నియమాన్ని చేర్చింది. అంటే బ్రౌజర్‌లో 1 అని వచ్చిన జవాబు, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌లో 3 అని రావచ్చు. అందువల్ల ఈ లెక్కను తెర మీద సంక్షిప్త పాఠం చూపడానికి, పాఠాన్ని కత్తిరించే చోటును ఎంచుకోవడానికి వాడుకోవడమే మేలు. నిల్వ పరిమితిని సంకేతాల్లోనే నిర్ణయించి ఉదారంగా ఉంచాలి. పేరుకు 200 సంకేతాలు కేటాయిస్తే పోయేదేమీ లేదు.

ఎస్‌ఎంఎస్‌లు పంపే సైట్లు మరో పరిమితిని గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాల చోటు ఉంటే, యూనికోడ్ సందేశానికి 70 సంకేతాలే. స్వర్ణలక్ష్మి పేరొక్కటే అందులో 13 తినేస్తుంది.

కనిపించని సంకేతం

'రాజ్‌కుమార్' అని రాసినప్పుడు 'జ్' తర్వాత ఒక అదృశ్య సంకేతం ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. పొల్లు పక్కనున్న హల్లు వత్తుగా మారకుండా అది అడ్డుపడుతుంది. దాన్ని తీసేస్తే పేరు 'రాజ్కుమార్' అవుతుంది, 'జ' కింద 'క' వత్తు చేరుతుంది. భద్రత పేరుతో కనిపించని సంకేతాలన్నింటినీ తొలగించే ప్రోగ్రాములు వాడుకలో ఉన్నాయి. ఇంగ్లీషుకు అవి నిరపాయకరమే, తెలుగుకు మాత్రం అక్షరదోషాల యంత్రాలు. సరైన పద్ధతి ఏమిటంటే, మూలపాఠాన్ని ముట్టుకోకుండా వెతుకులాట కోసం విడిగా ఒక ప్రతిని తయారు చేసి, దానిలో మాత్రమే ఈ సంకేతాన్ని తొలగించడం. అప్పుడు ఎవరు ఎలా టైపు చేసినా పేరు దొరుకుతుంది.

ఆ ప్రతికి చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తు జోడించి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 'పైడి' అన్న పేరు రెండు విధాలా ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు. జావాస్క్రిప్ట్‌లో 'నార్మలైజ్' అన్న ఆదేశాన్ని 'ఎన్‌ఎఫ్‌సీ' రూపంతో వాడితే రెండూ ఒకటవుతాయి.

పేర్లను తనిఖీ చేసే సూత్రాలది మరో కథ. 'ఏ నుంచి జెడ్ వరకు' అని రాస్తే తెలుగు పేరు గడప దాటదు. అది తెలిసి 'ఏ భాషలోని అక్షరమైనా సరే' అనే యూనికోడ్ సూత్రాన్ని రాసేవారు కూడా సగం దారిలోనే ఆగిపోతున్నారు. గుడి, కొమ్ము, పొల్లు వంటివి యూనికోడ్ దృష్టిలో అక్షరాలు కావు, గుర్తులు. అక్షరాల వర్గం 'ఎల్'తో పాటు గుర్తుల వర్గం 'ఎం'ను, పైన చెప్పిన 200సి సంకేతాన్ని కూడా అనుమతించాలి. పైథాన్‌లో పదాలను పట్టే 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ'ను నమ్ముకుంటే 'లక్ష్మి' ఒక పదంగా రాదు. లక, ష, మ అని 3 ముక్కలై బయటికొస్తుంది. వెతుకులాట పనిచేయడం లేదని తలపట్టుకునే బృందాలు ముందుగా చూడాల్సింది ఇక్కడే.

తెర మీద

రూపకల్పన దశలో బటన్లను, పట్టికలను ఇంగ్లీషు మాటలతోనే పరీక్షించడం పరిపాటి. తెలుగు వచ్చేసరికి పైన గుడిదీర్ఘం, కింద వత్తులు తెగిపోతాయి. సీఎస్‌ఎస్‌లో బటన్‌కు స్థిరమైన ఎత్తు ఇవ్వకుండా, వరుసల ఎత్తును కాస్త పెంచితే చాలావరకు సరిపోతుంది. పాఠం ఏ ఫాంట్‌లో వస్తోందో తెలియాలంటే క్రోమ్ డెవలపర్ పరికరాల్లో 'కంప్యూటెడ్' విభాగం అడుగున చూడాలి. తెర మీద నిజంగా వాడిన ఫాంట్ పేరు అక్కడ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇందుకు 'ఫాంట్స్' అనే విభాగమే ఉంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, మల్లన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తాయి.

పేజీ మొదట్లో భాష తెలుగు అని 'లాంగ్' గుణంలో 'టీఈ' అని రాయడం రెండు అక్షరాల పని. దాన్ని మరిచిపోతే చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ తెలుగు పేజీని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు, లేదా మౌనంగా దాటేయవచ్చు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వారి అంతర్జాతీయీకరణ తనిఖీ సాధనానికి పేజీ చిరునామా ఇస్తే ఈ లోపాన్ని ఎత్తి చూపుతుంది. సంఖ్యల విషయంలో సొంతంగా కోడ్ రాయనక్కర్లేదు. 'ఇంట్ల్ నంబర్‌ఫార్మాట్'కు 'టీఈ-ఐఎన్' అని చెబితే 1234567ను 12,34,567 అని మన పద్ధతిలోనే చూపిస్తుంది.

అనుమానం వచ్చిన ఏ పాఠాన్నైనా విప్పి చూడటానికి బ్రౌజర్ కన్సోల్ చాలు. పాఠాన్ని సంకేతాలుగా విడదీసి, ఒక్కొక్క దానికి 'కోడ్‌పాయింట్‌యాట్' ఇచ్చే సంఖ్యను 16 ఆధారంగా ముద్రిస్తే కనిపించనివి కూడా బయటపడతాయి. తెలుగు సంకేతాలు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉంటాయి, ఆ పరిధిలో లేనిదల్లా ఆరా తీయదగినదే. పరీక్షలకు వాడే నమూనా పేర్ల జాబితాలో స్వర్ణలక్ష్మి, రాజ్‌కుమార్, రెండు రకాల ఐత్వంతో రాసిన పైడి ఉంటే పైన చెప్పిన లోపాల్లో చాలావరకు విడుదలకు ముందే దొరుకుతాయి.