ఆదివారం వండి గురువారం తినాలంటే

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో సాయంత్రం ఏడు గంటల వేళ వంట మొదలుపెట్టడమే పెద్ద పని. కందిపప్పు కడిగి కుక్కర్ ఎక్కించాలి, చింతపండు నానబెట్టాలి, ఉల్లిపాయలు తరగాలి. ఈలోగా పిల్లలు ఆకలంటారు. చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది, పావుగంటలో బయటి బిర్యానీ గుమ్మం ముందుంటుంది. వారమంతా ఇలా గడవకుండా ఉండాలని ఇప్పుడు చాలామంది సెలవురోజున ఒకేసారి వండి ఫ్రీజర్‌లో దాచుకుంటున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లులు తిరుగు ప్రయాణానికి ముందు కూరలూ పులిహోర గుజ్జూ డబ్బాలకెత్తి ఫ్రీజర్ నింపి రావడం అక్కడి తెలుగువాళ్ళకు కొత్త సంగతేమీ కాదు.

అయినా మన పెద్దవాళ్ళకు ఈ పద్ధతి మీద గురి కుదరదు. నిలవ తిండి ఒంటికి పడదంటారు. ఫ్రిజ్ లేని రోజుల్లో, మన ఎండల్లో, ఆ మాట ఎన్నో ప్రాణాలను కాపాడి ఉంటుంది. దాన్ని తీసిపారేయకూడదు, అందులోని శాస్త్రమేమిటో తెలుసుకోవాలి. సరిగ్గా గడ్డకట్టిన ఆహారం ఫ్రీజర్‌లో ఉన్నంతకాలం రుచి తగ్గవచ్చేమో గానీ ప్రమాదకరంగా మారదు. ప్రమాదమంతా ఫ్రీజర్‌లోకి వెళ్ళే ముందు కొన్ని గంటల్లోనూ, బయటికి తీసిన తర్వాత కొన్ని గంటల్లోనూ ఉంది.

నీటిని అందకుండా చేయడం

సూక్ష్మజీవులు పెరగాలంటే వాటికి నీరు కావాలి. మన నిలవ పద్ధతులన్నీ ఈ నీటి మీదే పనిచేస్తాయి. వడియాలు, ఒరుగులు ఎండబెట్టి నీటిని ఆవిరి చేస్తాం. ఆవకాయలో ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, దానికి పులుపు తోడవుతుంది. ఫ్రీజర్ కూడా ఇదే పని మరో దారిలో చేస్తుంది. నీరు గడ్డకడితే బాక్టీరియా దాన్ని వాడుకోలేవు. దానికి తోడు చలికి వాటి ఒంట్లో జరిగే రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి.

అందుకే ఇంటి ఫ్రీజర్‌కు −18 డిగ్రీల సెల్సియస్ ప్రమాణంగా పెట్టారు. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఈ చలి బాక్టీరియా పెరుగుదలను ఆపుతుందే తప్ప వాటిని చంపదు. కొన్ని చనిపోయినా చాలావరకు బతికే ఉంటాయి, మళ్ళీ వెచ్చదనం తగలగానే లేచి కూర్చుంటాయి. లోపల ఎన్ని బాక్టీరియాను పెట్టామో, ఇంచుమించు అన్నింటినీ బయటికి తీస్తాం.

పొయ్యి దించిన తర్వాతి రెండు గంటలు

ఆహారానికి 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత ప్రమాదకరం. అనుకూలమైన పరిస్థితుల్లో చాలా రకాల బాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. రాత్రి వండిన కూరను పొయ్యిగట్టు మీదే వదిలేసి పొద్దున్న ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు ఎందుకు మంచిది కాదో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

వండితే అన్నీ చచ్చిపోవా అనే సందేహం రావచ్చు. అన్నీ చావవు. బియ్యంలో తరచుగా కనిపించే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా గట్టి పొర కప్పుకున్న స్పోర్ల రూపంలో ఉడుకుడు నీటిని కూడా తట్టుకుంటుంది. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ స్పోర్లు మొలకెత్తి పెరుగుతాయి. ఆ బాక్టీరియా తయారుచేసే, వాంతులు తెప్పించే విషం మళ్ళీ ఎంత వేడి చేసినా పోదు. దానికి వాసనా ఉండదు. కాబట్టి మూత తీసి వాసన చూసి, బాగానే ఉందనుకోవడం అన్నం విషయంలో నమ్మదగిన పరీక్ష కాదు. పెద్ద గిన్నెల్లో వండిన మాంసం కూరల్లో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే మరో బాక్టీరియా ఉండవచ్చు. దానికి 45 డిగ్రీల దగ్గర హాయి. ఐదు లీటర్ల గిన్నె నడిమధ్య ఆ వెచ్చదనం గంటల తరబడి నిలుస్తుంది.

వండిన ఆహారాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌కు చేర్చాలన్నది ఆహార భద్రత నియమం. బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. విజయవాడ, రామగుండం వేసవిలో అయితే ఈ ఒక్క గంట నియమమే వర్తిస్తుంది.

పొగలు కక్కుతున్న గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో తోసేయకూడదు. లోపల ముందే ఉన్న పాలు, పెరుగు వేడెక్కుతాయి. అలాగని పూర్తిగా చల్లారేదాకా గట్టు మీద ఉంచనూ కూడదు. పప్పును కుక్కర్‌లోంచి వెడల్పాటి స్టీలు పళ్ళెంలోకి రెండంగుళాలకు మించకుండా పోయండి. ఆ పళ్ళేన్ని చన్నీళ్ళూ నాలుగు ఐసుముక్కలూ ఉన్న టబ్బులో నిలపండి. గరిటెతో మధ్యమధ్య కలుపుతూ ఉంటే కాసేపట్లోనే పొగ ఆగిపోయి, పప్పు చల్లబడుతుంది. అన్నమైతే పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెడితే చాలు. ఈ కాస్త శ్రమే మొత్తం పద్ధతికి పునాది.

పలచగా పరిస్తే

ఒక కిలో నీటిని 80 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి ఎంత వేడిని తీసేయాలో, సున్నా దగ్గరున్న ఆ నీటిని గడ్డకట్టించడానికి మళ్ళీ అంత వేడిని తీసేయాలి. అందుకే ఇంటి ఫ్రీజర్‌లో పెద్ద డబ్బా గడ్డకట్టడానికి రాత్రంతా పడుతుంది. ఈ ఆలస్యం రుచిని దెబ్బతీస్తుంది. −1 నుంచి −5 డిగ్రీల మధ్య ఎక్కువసేపు గడిపితే మంచు స్ఫటికాలు పెద్దవిగా పెరిగి కూరగాయల కణాల గోడలను చీల్చేస్తాయి. కరిగించినప్పుడు నీరంతా కారిపోయి ముక్క చప్పిడిగా, మెత్తగా మిగులుతుంది. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు సన్నగా ఏర్పడి ముక్క గట్టిగానే ఉంటుంది.

ఈ తేడాను వ్యాపారంగా మలిచినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ. 1912 తర్వాత కొన్నేళ్ళు కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యూట్లు పట్టిన చేప విపరీతమైన చలికీ గాలికీ క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత కరిగించినా తాజాగా ఉండటం చూశాడు. ఆహారాన్ని పలచని పొట్లాలుగా చుట్టి, చల్లని లోహపు పలకల మధ్య నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేశాడు. 1930లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఆ సరుకు తొలిసారి దుకాణాల్లోకి వచ్చింది.

ఆయన సూత్రం మన వంటింట్లోనూ పనిచేస్తుంది. జిప్ కవర్లో ఒక పూటకు సరిపడా కూర వేసి, బల్ల మీద పడుకోబెట్టి, అరచేత్తో రెండు సెంటీమీటర్ల మందానికి సర్ది, గాలి బయటికి నొక్కి మూయండి. మందం సగమైతే గడ్డకట్టే సమయం సగం కంటే బాగా తగ్గుతుంది. గడ్డకట్టాక ఆ కవర్లను పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. గాలి మిగిలితే ఆహారంలోని మంచు నేరుగా ఆవిరైపోయి, తెల్లటి ఎండిన మచ్చలు ఏర్పడతాయి. అవి హాని చేయవు కానీ రుచి చెడుతుంది. డబ్బాలు వాడితే పైన అంగుళం ఖాళీ వదలాలి. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, నిండుగా పోసిన గాజు సీసా పగులుతుంది.

ఇడ్లీ ఎందుకు గట్టిపడుతుంది?

మిగిలిన ఇడ్లీలు ఫ్రిజ్ కింది అరలో పెడితే మర్నాటికి రాయిలా అవుతాయి. ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థపు అణువులు చల్లబడ్డాక మళ్ళీ దగ్గరై బిగుసుకోవడమే దీనికి కారణం. ఇది సున్నాకు కాస్త పైన, అంటే ఫ్రిజ్ చలిలోనే అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. −18 దగ్గర దాదాపు ఆగిపోతుంది. కాబట్టి ఇడ్లీ, అన్నం, చపాతీలకు ఫ్రిజ్ కంటే ఫ్రీజరే మేలు. ఇడ్లీలు చల్లారగానే ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో పేర్చి గడ్డకట్టించి, తర్వాత కవర్లోకి మార్చండి. కావలసినప్పుడు తిన్నగా ఇడ్లీపాత్రలో పెట్టి పది నిమిషాలు ఆవిరి పడితే బిగుసుకున్న పిండి మళ్ళీ వదులవుతుంది. పిండి రోజురోజుకీ పులిసిపోతుందనే బెంగ కూడా ఉండదు.

ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు

పప్పు, సాంబారు, రాజ్మా, సెనగల కూర, కోడికూర, ఉల్లి టమాటా మసాలా ముద్ద, గోంగూర ముద్ద, పులిహోర గుజ్జు చక్కగా నిలుస్తాయి. వీటిలో ముక్క కరకరలాడాల్సిన అవసరం లేదు. తాలింపు మాత్రం ఆ పూటే పెట్టుకోవాలి. కరివేపాకు, ఆవాల ఘుమఘుమ దాచితే ఉండదు. అప్పటికప్పుడు పెట్టిన పోపుతో నెల కిందటి పప్పు కూడా కొత్తగా వండినట్టే ఉంటుంది.

బంగాళాదుంప నీరు వదిలి స్పంజిలా తయారవుతుంది. పెరుగు, మజ్జిగ పులుసు విరిగినట్టవుతాయి. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. గుడ్డు పులుసు కావాలంటే పులుసు ఒక్కటే దాచుకుని, గుడ్లు ఆ రోజే ఉడకబెట్టి వేసుకోండి. పచ్చి చిక్కుడు, బీన్స్, బఠాణీలను దాచేముందు రెండు మూడు నిమిషాలు మరిగే నీళ్ళలో వేసి, వెంటనే ఐసునీళ్ళలోకి మార్చాలి. అలా చేయకపోతే వాటిలోని ఎంజైములు ఫ్రీజర్‌లో కూడా మెల్లగా పనిచేసి రంగునూ రుచినీ పాడుచేస్తాయి. కొవ్వున్న చేపలకూ గడువు తక్కువ. నూనె గాలి తగిలి కనరెక్కడాన్ని చలి నెమ్మదింపజేస్తుంది గానీ ఆపలేదు.

వండిన కూరలు ఫ్రిజ్ కింది అరలో మూడు నాలుగు రోజులు మాత్రమే ఉంచాలి. లిస్టీరియా లాంటి బాక్టీరియా ఆ చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది, గర్భిణులకు అది మరీ ప్రమాదం. కాబట్టి ఆదివారం వండినదాన్ని బుధవారం లోపు తినేదైతే కింద, గురువారం గానీ ఆ తర్వాత గానీ తినేదైతే పైన ఫ్రీజర్‌లో పెట్టడం సులువైన లెక్క. ఫ్రీజర్‌లో పెట్టినవాటిని రెండు మూడు నెలల్లోపు వాడేస్తే రుచి తగ్గదు.

బయటికి తీశాక

గడ్డకట్టిన కూరను పొద్దున్న గట్టు మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోవడం చాలామంది చేసే పని. లోపల ఇంకా మంచుగా ఉండగానే పైపొర గది వేడికి చేరి, బాక్టీరియా మళ్ళీ లెక్క మొదలుపెడతాయి. ముందురోజు రాత్రే కవర్ను ఫ్రిజ్ కింది అరలోకి దించండి. మర్చిపోతే చన్నీళ్ళలో ముంచండి, లేదా నేరుగా గిన్నెలో వేసి సన్నసెగ మీద కరిగించండి. పలచని కవరుకు పెద్దగా సమయం పట్టదు. తినే ముందు మధ్యభాగం కూడా 74 డిగ్రీలు దాటాలి. కూర అంతా ఒకసారి కుతకుత ఉడికితే ఆ వేడి వచ్చినట్టే. మైక్రోవేవ్‌లో వేడి సమంగా పాకదు, మధ్యలో తీసి కలపాలి.

కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చలిని నిలుపుకుంటుంది. ఊరెళ్ళేముందు ఒక కప్పు నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ మంచులో అడుగుకు చేరి ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. ఆ కూరలు పారేయాల్సిందే.

ఇదంతా ఒక్క మనిషి మీద పడితే ఆదివారం సెలవు కాస్తా వెట్టిచాకిరీ అవుతుంది. పప్పు ఒకరు ఉడికిస్తే, పళ్ళెంలో చల్లార్చడం మరొకరు, కవర్లలో నింపి తేదీ రాయడం పిల్లలు చేయవచ్చు. ఒకేసారి పది రకాలు తలకెత్తుకోకండి. ఈ వారం రెండు పూటల పప్పు, ఒక మసాలా ముద్దతో మొదలుపెట్టండి. గంటలోపు చల్లార్చండి, పలచగా సర్దండి, తేదీ వేయండి, ఉడుకెత్తేదాకా మరిగించండి. ఈ నాలుగూ తప్పకుండా పాటించే ఇంట్లో నిలవ తిండి అనే భయం అక్కర్లేదు.