చక్రం జారిపోయిన అమ్మాయి



మనమంతా చిన్నప్పుడు పాత సైకిల్ టైరును పుల్లతో కొడుతూ దొర్లించుకుంటూ పరిగెత్తినవాళ్ళమే కదా! అట్లాంటి చక్రంతో ఒలింపిక్స్‌లో కూడా ఒక ఆట ఉంది. దాని పేరు రిథమిక్ జిమ్నాస్టిక్స్. ఒలింపిక్స్‌లో ఇది ఆడపిల్లలకు మాత్రమే. 1984లో లాస్ ఏంజెల్స్‌లో మొదటిసారి పెట్టారు.

ఈ ఆట ఎట్లా ఆడతారంటే, 13 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు ఉన్న తివాచీ పరుస్తారు. సంగీతానికి తగ్గట్టు ఒళ్ళు వంచుతూ, ఎగురుతూ, చేతిలో వస్తువును పైకి విసిరి పట్టుకోవాలి. చక్రం, బంతి, సీసాల్లాంటి రెండు చిన్న కర్రలు, రిబ్బను ఉంటాయి. రిబ్బను అంటే మనం జడకు కట్టుకునేది కాదు. 6 మీటర్లు, చీర కన్నా పొడుగు! ఒక్కో వస్తువుతో ఒకటిన్నర నిమిషం లోపలే అయిపోవాలి. వస్తువు కింద పడితే మార్కులు పోతాయి. తివాచీ దాటిపోతే ఇంకా పోతాయి.

అలీనా కబయేవా 1983లో తాష్కెంట్‌లో పుట్టింది. 1966లో మన లాల్ బహదూర్ శాస్త్రిగారు చనిపోయిన ఊరు అదే. నాలుగేళ్ళు నిండకముందే ఈ ఆట మొదలుపెట్టింది. తర్వాత రష్యా తరఫున ఆడింది. 1998లో 15 ఏళ్ళకే యూరప్ విజేత అయ్యింది. 1999లో ప్రపంచ విజేత.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బంగారు పతకం ఆమెదే అనుకున్నారు అందరూ. కానీ చక్రం చేతికి చిక్కలేదు. దొర్లుకుంటూ తివాచీ దాటిపోయింది. ఆమె మాత్రం ఆట వదిలేసి పోలేదు. కంచు పతకం వచ్చింది. బంగారం ఆమె దేశం అమ్మాయికే, యూలియా బర్సుకోవాకు వచ్చింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. 2001లో పరీక్ష చేస్తే ఆమె ఒంట్లో నిషేధించిన మందు ఉందని తేలింది. ఆ ఏడు ప్రపంచ పోటీల్లో గెలిచిన పతకాలు వెనక్కి తీసుకున్నారు. కొంతకాలం ఆడనివ్వలేదు. అది మనం నేర్చుకోవలసింది కాదు.

మళ్ళీ సాధన చేసి 2003లో ప్రపంచ విజేత అయ్యింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. అక్కడ ఆడిన నాలుగు వస్తువుల్లో ఆ చక్రం కూడా ఉంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, పోయిన ఆగస్టు 15న నేను పాట మధ్యలో మర్చిపోయి, ఏడ్చుకుంటూ స్టేజీ దిగిపోయాను. మీరందరూ చూశారు. ఇంక ఎప్పుడూ ఎక్కను అన్నాను. ఒకటిన్నర నిమిషం ఆటలో చేసిన తప్పు సరిచేసుకోవడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది. నాకు జనవరి 26 దాకా సమయం ఉంది. మేడంగారూ, నా పేరు రాసుకోండి. పాట అదే.

– 9వ తరగతి విద్యార్థిని