పది రూపాయల సీసా వెనుక పెద్ద సంస్థల పోరు

శీతల పానీయాల పోటీతో మారిన ధరలు, దుకాణాల తీరు
లాభం కొనుగోలుదారుడికేనా?

మాదన్నపేట: పాతబస్తీలోని మాదన్నపేట కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కిరాణా దుకాణాల ముందు గాజు తలుపుల ఫ్రిజ్‌లు వరుసగా కనిపిస్తాయి. బజారు పని ముగించుకొని వెళ్లేవారు, బడి నుంచి వచ్చే పిల్లలు, హమాలీలు ఎండ తాకిడికి అక్కడ ఆగి పది రూపాయల సీసా కొంటారు. రోజువారీ ఖర్చులు ఏటేటా పెరుగుతుండగా ఈ సీసా ఇంత చవకగా ఎలా దొరుకుతున్నదన్న అనుమానం చాలామందికి రాదు. తయారీ ఖర్చు తగ్గడం దీనికి కారణం కాదు. పెద్ద సంస్థల మధ్య సాగుతున్న పోరులో ఆ ధర ఒక ఆయుధంగా మారింది. పోరు సాగినంత కాలం కొనుగోలుదారుడికి కొంత మేలు ఉంటుంది. అది ముగిసిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

1977తో మొదలు

విదేశీ మారక నియంత్రణ చట్టం నిబంధనలకు తలొగ్గకుండా కోకాకోలా 1977లో భారత్ నుంచి వైదొలగింది. ఆ ఖాళీని నింపేందుకు దేశీయ సంస్థలు పోటీపడ్డాయి. పార్లే సంస్థ అదే ఏడాది థమ్సప్‌ను విడుదల చేసింది. అంతకుముందు కోకాకోలాను సీసాల్లో నింపి అమ్మిన ప్యూర్ డ్రింక్స్ సంస్థ కాంపాకోలాతో ముందుకొచ్చింది. ప్రభుత్వ రంగంలోని మోడరన్ ఫుడ్ ఇండస్ట్రీస్ ‘డబుల్ సెవెన్’ పేరిట మరో పానీయాన్ని తెచ్చినా అది నిలదొక్కుకోలేదు. లిమ్కా, గోల్డ్‌స్పాట్, థమ్సప్‌లతో పార్లే దశాబ్దానికి పైగా ఆధిపత్యం సాగించింది.

1990లో పెప్సీ రంగప్రవేశంతో పరిస్థితి మారింది. దానిని ఎదుర్కొనేందుకు పార్లే 300 మిల్లీలీటర్ల ‘మహా కోలా’ సీసాను తెచ్చింది. ధర కన్నా పరిమాణంతోనే కొనుగోలుదారుణ్ని ఆకట్టుకోవచ్చని అప్పుడే తేలింది. 1993లో కోకాకోలా తిరిగి వచ్చింది. పార్లేతో తలపడకుండా థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ తదితర పేర్లను ఆ సంస్థ నుంచే కొనుగోలు చేసింది.

ఆ కొనుగోలు తర్వాత జరిగిన పరిణామాలు గమనించదగినవి. సొంత కోలాకు ప్రాధాన్యమిచ్చిన కోకాకోలా తొలినాళ్లలో థమ్సప్‌పై శ్రద్ధ చూపలేదు. ఘాటైన రుచికి అలవాటుపడిన జనం దానిని వదలకపోవడంతో మనసు మార్చుకొని మళ్లీ ప్రచారం పెంచింది. నారింజ రుచి గల గోల్డ్‌స్పాట్‌కు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. అదే సంస్థకు చెందిన ఫాంటాకు దారి ఇస్తూ మార్కెట్ నుంచి తప్పుకుంది. ఒక పోటీదారును మరొకరు కొనేసినప్పుడు దుకాణంలో ఏ పానీయం ఉండాలో, ఏది పోవాలో తాగేవారి ఇష్టం ఒక్కటే నిర్ణయించదని ఈ ఉదంతం చెబుతోంది.

తారల అండ

దేశంలో థమ్సప్‌కు బలమైన మార్కెట్లలో తెలుగు నేల ముందు వరుసలో ఉంటుంది. బిర్యానీ పక్కన థమ్సప్ ఉండటం హైదరాబాద్ విందుల్లో రివాజుగా మారింది. ఈ అభిమానాన్ని గుర్తించిన సంస్థలు 2000 తర్వాత తెలుగు సినీ తారలను బరిలోకి దించాయి. 2001లో పవన్‌కల్యాణ్ పెప్సీకి ప్రచారకర్తగా కుదిరారు. థమ్సప్ తరఫున చిరంజీవి, ఆ తర్వాతి కాలంలో మహేష్‌బాబు కనిపించారు. 2025లో కాంపా తరఫున రామ్‌చరణ్ వచ్చారు. అభిమాన సంఘాల పోటీ శీతల పానీయాల పోటీకీ తోడైంది. రుచిలో పెద్ద తేడా లేని సరకును అమ్మాలంటే పేరే పెట్టుబడి. ప్రకటనలపై పెట్టే ఖర్చు కూడా చివరికి సీసా ధరలోనే కలుస్తుంది.

కాంపా పునరాగమనం ఇక్కడి నుంచే

1990ల తర్వాత క్రమంగా కనుమరుగైన కాంపాను రిలయన్స్ సంస్థ 2022లో ప్యూర్ డ్రింక్స్ నుంచి కొనుగోలు చేసింది. 2023 మార్చిలో దానిని తిరిగి విడుదల చేసినప్పుడు తొలుత ఎంచుకున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలే. కోలా వాడకం ఎక్కువగా ఉన్న చోట, ప్రత్యర్థికి బాగా పట్టున్న చోట మొదటి అడుగు వేయడం గమనార్హం.

కాంపా 200 మిల్లీలీటర్ల సీసాను పది రూపాయలకు, 500 మిల్లీలీటర్ల సీసాను ఇరవై రూపాయలకు ఇచ్చింది. అప్పట్లో పోటీ సంస్థల 250 మిల్లీలీటర్ల సీసా ధర ఇరవై రూపాయలుగా ఉండేది. అంటే పోటీ సంస్థల సీసాలో 100 మిల్లీలీటర్లకు ఎనిమిది రూపాయలు పడగా, కాంపా చిన్న సీసాలో ఐదు రూపాయలు, పెద్ద సీసాలో నాలుగు రూపాయలే పడింది. దీంతో కోకాకోలా తెలుగు రాష్ట్రాలు సహా కొన్ని ప్రాంతాల్లో 200 మిల్లీలీటర్ల గాజు సీసా ధరను పదిహేను నుంచి పది రూపాయలకు తగ్గించినట్లు, దుకాణదారులు సీసాల పెట్టెలకు కట్టాల్సిన డిపాజిట్‌ను మినహాయించినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. కొత్త పోటీదారు రాకతోనే ధర దిగిందన్నది ఇక్కడ స్పష్టం.

మరోపక్క పెద్ద సంస్థలు ఉత్పత్తిని కూడా పెంచుకుంటున్నాయి. సిద్దిపేట జిల్లా బండతిమ్మాపూర్‌లో హిందుస్థాన్ కోకాకోలా బెవరేజెస్ నిర్మించిన కర్మాగారం 2024 డిసెంబరులో ప్రారంభమైంది. తెలుగు నేలను ఏ సంస్థా తేలిగ్గా వదులుకోదనడానికి ఇది నిదర్శనం.

పది రూపాయల్లో ఎవరి వాటా ఎంత?

గ్యాస్ కలిపిన తీపి పానీయాలపై పన్ను భారం ఎక్కువ. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి 28 శాతం పన్ను, 12 శాతం సెస్ కలిపి 40 శాతం వసూలు చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్‌ను తొలగించి పన్నునే 40 శాతంగా నిర్ణయించారు. అందువల్ల మొత్తం భారంలో మార్పు లేదు. ఈ లెక్కన పది రూపాయల సీసాలో సుమారు 2.86 రూపాయలు పన్ను కిందకే పోతాయి. మిగిలిన 7.14 రూపాయల్లో చక్కెర, సీసా, మూత, రవాణా, ప్రకటనలు, డీలర్ కమీషన్, దుకాణదారు లాభం అన్నీ సర్దుకోవాలి.

ఇంత తక్కువలో గిట్టుబాటు కావాలంటే అమ్మకాలు భారీగా ఉండాలి. లేదంటే ఇతర వ్యాపారాల ఆదాయంతో నష్టాన్ని తట్టుకోగల స్తోమత ఉండాలి. ఈ రెండూ లేని చిన్న తయారీదారు ఈ ధర వద్ద నిలవడం కష్టం.

ఫ్రిజ్ కోసమే అసలు పోటీ

వేడిగా ఉన్న కోలాను ఎవరూ కొనరు. అందుకే దుకాణంలో చల్లదనం ఎవరి చేతిలో ఉంటే అమ్మకం వారిదే. శీతల పానీయాల సంస్థలు తమ పేరున్న ఫ్రిజ్‌లను దుకాణాలకు సమకూరుస్తాయి. అందులో తమ సరకే ఉంచాలని, కంటికి ఎదురుగా ఉన్న అరలో తమ సీసాలే నిలపాలని కోరతాయి. సొంతంగా ఫ్రిజ్ కొనే స్తోమత లేని చిరువ్యాపారికి ఇది వరమే. పాలు, పెరుగు ప్యాకెట్లకూ అందులో కాస్త చోటు దొరుకుతుందన్న ఆశ ఉంటుంది.

అయితే కరెంటు బిల్లు కట్టాల్సింది దుకాణదారే. రెండో సంస్థ ఫ్రిజ్ పెట్టేందుకు ఇరుకు దుకాణాల్లో చోటుండదు. పాతబస్తీ గల్లీల్లో పదడుగుల దుకాణానికి ఒక్క ఫ్రిజ్ రావడమంటే మిగిలిన సంస్థలకు తలుపు మూసుకున్నట్లే. ఏ సీసా తాగాలన్నది కొనుగోలుదారుడు నిర్ణయించుకోకముందే సగం నిర్ణయం అక్కడ జరిగిపోతుంది. కాబట్టి కొత్త సంస్థలు ధర తగ్గించడంతో పాటు దుకాణదారులకు ఎక్కువ లాభం ఇవ్వజూపడం, పెట్టెకు ఇన్ని సీసాలు ఉచితమంటూ స్కీములు ప్రకటించడం వంటి మార్గాలు ఎంచుకుంటున్నాయి.

చిన్నవారికి చోటేదీ?

ఒకప్పుడు గోలీసోడా ప్రతి బస్తీలోనూ చిన్న కుటుంబాలకు ఉపాధి. గోలీతో మూసుకునే ఆ సీసాకు హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1870వ దశకంలో పేటెంటు పొందారు. పెద్ద సంస్థల తాకిడికి సోడా బండ్లు తగ్గిపోయాయి. స్థానిక పేరు నిలబడిన అరుదైన ఉదాహరణ గోదావరి జిల్లాల్లోని రామచంద్రపురానికి చెందిన ఆర్టోస్. శతాబ్ద కాలం దాటిన ఈ పానీయం తన ప్రాంతపు అభిమానంతో నేటికీ కొనసాగుతోంది. పెద్ద సంస్థలతో దేశమంతటా పోటీపడకుండా తన ప్రాంతాన్ని, రుచిని కాపాడుకోవడమే దానికి రక్షగా నిలిచింది.

పోరు ముగిస్తే?

పోటీ ముదిరిన తర్వాత ఏం జరుగుతుందో సెల్‌ఫోన్ రంగం చూపింది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలైనప్పుడు తొలి నెలల్లో డేటా, కాల్స్ ఉచితం. పాత సంస్థలు ధరలు తగ్గించక తప్పలేదు. సామాన్యుడి చేతికి అంతర్జాలం వచ్చిందంటే ఆ పోటీ చలవే. కానీ ఆ తాకిడికి కొన్ని సంస్థలు మూతపడ్డాయి, మరికొన్ని విలీనమయ్యాయి. మిగిలిన ప్రైవేటు సంస్థలు 2019, 2021, 2024 సంవత్సరాల్లో ఛార్జీలు పెంచాయి. అప్పటికి వినియోగదారుడికి మరో దారి వెతుక్కునే అవకాశం తగ్గిపోయింది.

శీతల పానీయాల్లోనూ అలాగే జరుగుతుందని ఇప్పుడే చెప్పలేం. అయినా పది రూపాయల ధర శాశ్వతమని భావించడానికి వీల్లేదు. ధర పెంచకుండా సీసా పరిమాణం తగ్గించే దారి కూడా సంస్థలకు ఉంది. ఆధిపత్యంలో ఉన్న సంస్థ ప్రత్యర్థిని దెబ్బతీసేందుకు ఖర్చు కన్నా తక్కువకు అమ్మడాన్ని 2002 నాటి పోటీ చట్టం తప్పుగా పరిగణిస్తుంది. దీనిపై విచారించే అధికారం భారత పోటీ కమిషన్‌కు ఉంది. అయితే ఖర్చు కన్నా తక్కువకే అమ్మారని, దాని ఉద్దేశం పోటీని చంపడమేనని తేలాలి. మార్కెట్లో కొత్తగా వచ్చి తక్కువకు అమ్మినంత మాత్రాన చట్టం అడ్డుపడదు.

చవక ధరకు మరో కోణం ఉంది. కోలా పానీయాల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల దరిదాపుల్లో చక్కెర ఉంటుంది. చిన్న సీసాతోనే సుమారు 20 గ్రాములు ఒంట్లోకి చేరుతుంది. పిల్లల జేబు ఖర్చుకు సరిపోయే ధర కావడంతో వాడకం పెరిగే అవకాశం ఉంది. పోటీలో గెలిచేది ఏ సంస్థ అయినా ఈ భారం మాత్రం ఇంటివారిదే.

కొనేముందు ఇవి చూడండి

* సీసా ధర ఒక్కటే చూడకుండా పరిమాణం కూడా గమనించాలి. 100 మిల్లీలీటర్లకు ఎంత పడుతోందో లెక్కిస్తే ఏది నిజంగా చవకో తెలుస్తుంది. ప్యాకింగ్‌పై యూనిట్ విక్రయ ధర ముద్రిస్తే ఈ లెక్క మరింత సులువు.

* ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువ వసూలు చేయకూడదు. చల్లగా ఇచ్చామంటూ అదనంగా రూపాయో రెండో అడగటం తూనికలు, కొలతల నిబంధనలకు విరుద్ధం.

* ఇలాంటి ఫిర్యాదులను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు తెలపవచ్చు.

* తయారీ తేదీ, చక్కెర పరిమాణం, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోవాలి.

* దుకాణదారులు ఫ్రిజ్ తీసుకునే ముందు షరతులను చదివి, ఇతర సంస్థల సరకు ఉంచుకునే వీలు గురించి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు.

సంస్థల మధ్య పోటీ బతికి ఉన్నంత కాలమే ధర అదుపులో ఉంటుంది. దుకాణంలో రెండో పేరు, మూడో పేరు కనిపించేలా చూసుకోవడం వ్యాపారికీ, వాటిని అడిగి కొనడం వినియోగదారుడికీ లాభదాయకం.